అన్నింటిలోనూ మనకంటే మెరుగైన దేశం మన దగ్గర ఎందుకు కొంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అన్ని వస్తువులనూ మనకంటే తక్కువ శ్రమతో తయారుచేసుకోగల దేశానికి మన సరుకుతో ఏం పని? వర్తకం వల్ల రెండు దేశాలకూ లాభమేనని డిగ్రీ పుస్తకంలో ఉంది కదా, మరి అమెరికా 50 శాతం సుంకం వేయగానే అల్లూరు దగ్గర మీ నాన్నగారి రొయ్యల చెరువు ఎందుకు ఖాళీగా ఉండిపోయింది?

ముందు సూటిగా చెబుతాను. ఎంత సమర్థమైన దేశానికైనా మనుషులు, భూమి, కాలం లెక్కలోనే ఉంటాయి. ఒక పనికి పెడితే ఇంకో పనికి ఉండవు. ఎవరు బాగా చేస్తారన్నది పక్కన పెట్టండి, ఆ పని కోసం ఎవరు తక్కువ వదులుకోవాలో చూడండి. తక్కువ వదులుకునేవాళ్లు ఆ పని చేసి మిగతాది కొనుక్కుంటే ఇద్దరికీ మిగులుతుంది. పుస్తకాలు దీన్నే తులనాత్మక ప్రయోజనం అంటాయి. మీ రెండో ప్రశ్న విషయానికొస్తే, పుస్తకం అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. లాభం దేశానికని రాసింది. ప్రతి ఇంటికీ అని రాయలేదు.

నా సంగతి రెండు ముక్కల్లో. అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేశాను. పాఠం చెప్పే ఉద్యోగం దొరకక 1997లో నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఎగుమతి కాగితాలు రాసే పనికి కుదిరాను. ఇరవై ఆరేళ్లు అదే పని. ఈ లెక్క వేసిన ఆర్థికవేత్త రికార్డోను కాలేజీలో చదివాను, అర్థమైంది మాత్రం కోల్డ్ స్టోరేజీ గుమ్మంలో. కాదు, ఇంకా ముందే, మా మేనత్త వసారాలో అర్థమైంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మేనత్తది కలిగిరి వైపు పల్లె. వాళ్లకు పొగాకు బ్యారన్ ఉండేది. చేలో కోసిన పచ్చాకును కర్రలకు కట్టి బ్యారన్‌లో వేలాడదీసి, రోజుల తరబడి వేడి పెట్టి పండిస్తారు. ఆ తర్వాత పండిన ఆకును రంగునుబట్టి, మచ్చనుబట్టి, మందాన్నిబట్టి గ్రేడు చేస్తారు. వేలంలో ధర ఆ గ్రేడు మీదే. మేనత్త గోడకు చేరగిలబడి కూర్చుని, ఒక్కో ఆకునూ వెలుతురుకు పట్టి చూసి, ఈనె మీద బొటనవేలు ఒకసారి రాసి, చూడకుండానే పక్కనున్న ఐదు కుప్పల్లో ఒకదాని మీదికి విసిరేది. తప్పు కుప్పలో పడగా నేను చూడలేదు. ఆకు కట్టడంలో కూడా ఆ ఊళ్లో ఆవిడను మించినవాళ్లు లేరు. అయినా సీజన్లో కర్ర ముట్టేది కాదు. ఆకు కట్టడానికి కొత్తగా వచ్చిన కూలిపిల్లను పెట్టుకునేది. పచ్చాకు జిగురుకు ఆ పిల్ల చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి. "నువ్వే ఇంకా తొందరగా కడతావు కదత్తా, ఆ అమ్మాయికి కూలి ఎందుకు?" అని అడిగితే, "నేను కర్ర పట్టుకుంటే ఈ కుప్ప ఎవరు చూస్తారురా" అంది. సిద్ధాంతమంతా ఆ ఒక్క మాటే.

లెక్క కోసం అంకెలు వేద్దాం. ఇవి నేను కల్పించినవి, వరస మాత్రం నిజం. మేనత్త గంటలో 30 కర్రలు కట్టగలదు, లేదా 15 కిలోల ఆకు గ్రేడు చేయగలదు. ఆ పిల్ల గంటకు 20 కర్రలు కడుతుంది, లేదా 4 కిలోలు గ్రేడు చేస్తుంది. రెండింటిలోనూ మేనత్తదే పైచేయి. ఇద్దరూ ఎనిమిదేసి గంటలు, సగం సగం సమయం రెండు పనులూ చేశారనుకోండి. 200 కర్రలు, 76 కిలోలు అవుతాయి. ఇప్పుడు పిల్ల రోజంతా కర్రలే కట్టింది: 160. మిగిలిన 40 కర్రలు మేనత్త గంటా ఇరవై నిమిషాల్లో కట్టేసి మిగతా పొద్దంతా గ్రేడింగ్‌కు కూర్చుంది: 100 కిలోలు. కర్రలు అవే 200, ఆకు మాత్రం 24 కిలోలు ఎక్కువ. ఎవరూ అదనంగా కష్టపడలేదు, కొత్త యంత్రం రాలేదు. పనులు మార్చుకున్నారు, అంతే.

ఎందుకలా? ఒక కిలో గ్రేడు చేయాలంటే మేనత్త 2 కర్రలు వదులుకుంటుంది, ఆ పిల్ల 5 కర్రలు వదులుకుంటుంది. గ్రేడింగ్ మేనత్త దగ్గర చౌక. తిప్పి చూస్తే కర్ర కట్టడం ఆ పిల్ల దగ్గర చౌక. ఒకరు రెండు పనుల్లోనూ మెరుగు కావచ్చు, రెండు పనులూ ఒకరి దగ్గరే చౌక కావడం మాత్రం లెక్కప్రకారమే కుదరదు. ఇలా వదులుకునేదాన్నే మీ పుస్తకం అవకాశ వ్యయం అంటుంది.

1817లో డేవిడ్ రికార్డో వేసిన లెక్క కూడా ఇదే వరసలో ఉంటుంది. ఆయన లండన్‌లో షేర్ల వ్యాపారం చేసి బాగా సంపాదించినవాడు, కాబట్టి లెక్కలో గట్టివాడు. పోర్చుగల్‌లో కొంత ద్రాక్షసారాకు ఏడాదికి 80 మంది శ్రమ, కొంత బట్టకు 90 మంది శ్రమ. ఇంగ్లండ్‌లో అదే సారాకు 120, అదే బట్టకు 100. రెండింటిలోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా పోర్చుగల్ 80 మంది శ్రమతో చేసిన సారా ఇచ్చి, తాను నేస్తే 90 మంది పట్టే బట్ట తెచ్చుకుంటే పదిమంది శ్రమ మిగులు. ఇంగ్లండ్ 100 మంది శ్రమతో నేసిన బట్ట ఇచ్చి 120 మంది పట్టే సారా తెచ్చుకుంటే ఇరవై మంది మిగులు. అంతకు ముందు 1776లో ఆడమ్ స్మిత్ ఎవరు ఏది చౌకగా చేస్తే అది వాళ్ల దగ్గర కొనమన్నాడు. అన్నీ ఒకరే చౌకగా చేస్తే ఏమిటన్న మీ ప్రశ్నకు జవాబు రికార్డో దగ్గరే దొరుకుతుంది. ఇదేదో ఆయన ఖాళీగా కూర్చుని చేసిన చర్చ కూడా కాదు. 1815లో బ్రిటన్ విదేశీ ధాన్యం రాకుండా చట్టం చేసింది. భూస్వాముల కౌళ్లు పెరిగాయి, కూలివాడి రొట్టె ప్రియమైంది. ఆయన పోరు దాని మీద. ఆ చట్టం రద్దయ్యేసరికి 1846 వచ్చింది, అప్పటికి ఆయన లేడు.

పోర్చుగల్‌ను వదిలేసి మన జిల్లాలకు వద్దాం. నాకు ఎప్పటికీ విసుగు పుట్టని ముచ్చట ఒకటుంది. ఒంగోలు గిత్త మనది. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లింది, 1960ల మొదట్లో కూడా కొన్ని వెళ్లాయి. అక్కడ దాని పేరు నెలోరె, మన నెల్లూరే. ఇవాళ బ్రెజిల్ మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ జాతి, దాని సంకరాలే. గొడ్డుమాంసం ఎగుమతిలో ఆ దేశం ప్రపంచంలో ముందు వరసలో ఉంది. ఇక మన చెరువుల్లో పెరుగుతున్న వనామీ రొయ్య ఎక్కడిది? అమెరికా ఖండాల పడమటి తీరానిది, మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ సముద్రపు జీవి. మన దేశం 2009లో దానికి అనుమతి ఇచ్చింది. ఇప్పుడు మన రొయ్యల ఎగుమతుల్లో అత్యధికం అదే. మన ఎద్దు వాళ్లకు అన్నం పెడుతోంది, వాళ్ల రొయ్య మనకు పెడుతోంది. పుట్టినచోటే ఆ సరుకు చౌక అన్న భ్రమ దీనితో పోవాలి. మైళ్లకు మైళ్లు పచ్చికబయళ్లున్నచోట పశువు పెంచడానికి వదులుకునేది తక్కువ. మనకు ఆ నేల లేదు, ఉన్న నేలలో వరి పండుతుంది. ఉప్పుటేటి పక్కన వరి సరిగ్గా రాని భూమి, ఏడాదంతా వెచ్చగా ఉండే నీరు, చెరువు గట్టున రాత్రి కాపలాకు మనిషి మనకున్నాయి.

ఇంకా విచిత్రం చూడండి. వనామీ తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానాల్లో వస్తాయి. చెన్నైలో క్వారంటైన్ అయ్యాక గుడ్లు పొదిగించే హేచరీలకు చేరతాయి, అక్కడి రొయ్యపిల్ల మన చెరువుల్లో పడుతుంది. పెరిగిన రొయ్యలో పెద్ద వాటా మళ్లీ అమెరికాకే పోతుంది. రోగం లేని తల్లిని తరాల తరబడి వడకట్టి తయారుచేసే విద్య వాళ్లది. అది మేనత్త గ్రేడింగ్ లాంటిది. చెరువు తవ్వి మేత వేసి పెంచడం వాళ్లకు చేతకాక కాదు, కొద్దిగా పెంచుతారు కూడా. కానీ ఆ భూమికి, ఆ కూలికి, చలికాలానికి అయ్యే ఖర్చు చూసుకుంటే కొనుక్కోవడమే మేలు.

ఇక రెండో ప్రశ్న. దీని మీద పుస్తకాలకంటే నేనే ఎక్కువ చెప్పగలననుకుంటాను.

మొదటిది, మిగిలిన 24 కిలోలు ఎవరికి? సిద్ధాంతం హద్దులు మాత్రమే చెబుతుంది. కిలో గ్రేడింగ్‌కు మారకం 2 కర్రలకూ 5 కర్రలకూ మధ్య ఎక్కడైనా తెగవచ్చు. 2 దగ్గర తెగితే లాభమంతా కూలిపిల్లది, 5 దగ్గర తెగితే మేనత్తది. ఎక్కడ తెగుతుందో బేరం బలాన్నిబట్టి ఉంటుంది. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మన రైతు ఊరికే అనలేదు. సుంకం పడేనాటికి మన రొయ్యల ఎగుమతిలో సుమారు 40 శాతం ఒక్క అమెరికాకే వెళ్తుంటే మన బలం ఎంత? 2025 ఆగస్టులో మొదట 25 శాతం సుంకం అన్నారు, ఆ నెల తిరగకముందే మొత్తం 50 చేశారు. అప్పుడు ఈక్వడార్ మీద ఉన్నది 15. సుంకం కొనేవాడు కడతాడని కాగితం మీద ఉంటుంది. కానీ కొనేవాడికి పక్కనే ఇంకో అంగడి ఉంటే ఆ భారం వెనక్కి జరుగుతూ జరుగుతూ వస్తుంది. దిగుమతిదారు ప్లాంటును తగ్గించమంటాడు, ప్లాంటు ఏజెంటును, ఏజెంటు చెరువు గట్టున మీ నాన్నగారిని. ఆయన తర్వాత అడగడానికి ఎవరూ లేరు. 100 కౌంట్‌కు, అంటే కిలోకు వంద తూగే రొయ్యకు, ధర ఎంతన్నది ఆయనకు ఫోనులో వినిపిస్తుంది, ఎందుకన్నది వినిపించదు.

పోటీదారు కష్టం మనకు కలిసొచ్చిన రోజులూ ఉన్నాయని ఒప్పుకోవాలి. 2012, 13లో థాయిలాండ్ రొయ్యకు తెగులు వచ్చి అక్కడి ఉత్పత్తి కూలింది. మా ప్లాంటులో మూడు షిఫ్టులు నడిచాయి. నేను ఇంటికి వెళ్లి భోజనం చేసిన రోజులు తక్కువ. అప్పట్లో ఎవరూ వర్తక సిద్ధాంతం మీద అనుమానం వెలిబుచ్చలేదు.

రెండోది, నా దృష్టిలో అసలైనది. పుస్తకంలో నేతగాడు తెల్లారేసరికి ద్రాక్షతోట రైతు అయిపోతాడు. బట్ట పని పోతే సారా పనికి మారతాడని ఒక వాక్యంలో తేల్చేస్తారు. మీ చెరువును వరిపొలం చేయగలరా? ఉప్పునీరు నిలిచిన మట్టి మంచినీటితో కడిగి కడిగి ఏళ్లు గడిస్తేగాని వరికి లొంగదు. చెరువులు తవ్వినప్పుడు పక్క పొలాలవాళ్లు మొత్తుకున్నదీ దీని గురించే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ఊపులో మన తీరమంతా తవ్వారు, 1994, 95 నాటికి తెల్లమచ్చ తెగులు ఊడ్చేసింది, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల సాగును కట్టడి చేస్తూ తీర్పు ఇచ్చింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి గట్లు తెగి, తుమ్మ మొలిచి, నీటికి గాలి అందించే ఏరేటర్లు తుప్పుపట్టిన చెరువులు దారి పొడుగునా కనబడేవి. ఆ మనుషులు వేరే పనికి మారలేదని కాదు. కొందరు చెన్నైకి పోయారు, కొందరు ఆటో తోలారు. మారడానికి పట్టిన పదేళ్లు, తీర్చిన వడ్డీలు ఏ దేశపు లాభనష్టాల పట్టికలోనూ ఎక్కవు.

లాభపడ్డవాళ్ల మిగులులో కొంత తీసి నష్టపడ్డవాళ్లకు ఇచ్చినా ఇంకా మిగులుతుందని పండితులు అంటారు. లెక్క ప్రకారం నిజమే. ఇచ్చే నాథుడు ఎవరన్నదే చిక్కు.

మూడోది, దిగుమతి వైపు నుంచి చూడండి, లేకపోతే మన బొమ్మ ఒంటికన్నుది అవుతుంది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిదే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి. కృష్ణపట్నం రేవు చుట్టూ ఉన్న రిఫైనరీలు అందుకే వెలిశాయి. హెక్టారు పామాయిల్ తోట ఏటా మూడు నాలుగు టన్నుల నూనె ఇస్తుంది, వేరుశనగ ఒక టన్ను ఇవ్వడం కూడా కష్టం. కాబట్టి కొనుక్కోవడంలో తర్కం ఉంది. నా చిన్నప్పుడు మా వీధి చివర గానుగ ఉండేది, శనగనూనె సీసాలో పోయించుకుని వచ్చేవాణ్ణి. గానుగ పోయింది, గానుగవాడూ పోయాడు, నెలాఖరున నూనె అప్పు తెచ్చుకునే ఇళ్లు కూడా తగ్గాయి. ఈ మూడూ ఒకే కథ.

ప్రభుత్వం ఈ రెంటి మధ్య ఊగుతూ ఉంటుంది. 2024 సెప్టెంబరులో నూనెగింజల రైతు కోసమని ముడి వంటనూనె మీద మొత్తం సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5కు పెంచింది. 2025 మే చివర ధరలు మండుతున్నాయని 16.5కు దించింది, శుద్ధి చేసిన నూనె మీద మాత్రం తగ్గించలేదు. రెంటికీ మధ్య 19 శాతం పైచిలుకు తేడా ఏర్పడింది. శుద్ధి పని మన రేవుల దగ్గరే జరగాలన్నది దాని ఉద్దేశం. ఇది స్వేచ్ఛా వర్తకమా అంటే కాదు. తప్పా అంటే, రిఫైనరీలో పనిచేసేవాణ్ణి అడిగితే ఒక జవాబు, వంటింట్లో అడిగితే ఇంకో జవాబు.

అమెరికాను తిట్టేముందు ఇంకొక్కటి. 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని మనం నిషేధించాం, 2024 సెప్టెంబరు దాకా ఎత్తలేదు. మన బియ్యాన్ని నమ్ముకుని తమ పొలాల్లో వేరే పంటలు వేసుకున్న దేశాల్లో ఎవరో ఒక విద్యార్థి అప్పుడు మీలాగే ప్రశ్న రాసి ఉంటాడు. మన నిషేధానికి ముందు ఏడాదే, 2022లో, ఇండోనేషియా ఏప్రిల్ చివర పామాయిల్ ఎగుమతి ఆపేస్తే మనం గగ్గోలు పెట్టాం. నమ్మకం లేనిచోట ప్రతి దేశమూ అన్నీ తానే పండించుకోవాలనుకుంటుంది, అంటే మేనత్త కర్ర పట్టుకుంటుంది.

సుంకం ఒక్కటే అడ్డు అనుకోకండి. 2003లో మా సరుకు ఒక కంటైనర్ యూరప్ రేవు నుంచి తిరిగొచ్చింది. యాంటీబయాటిక్ అవశేషం దొరికిందన్నారు. కంటైనర్ తలుపు తీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. అట్టపెట్టెల మీద నా చేత్తో సరిచూసిన లాట్ నెంబర్లు, మంచు పేరుకుని, సగం చెరిగి ఉన్నాయి. ఏ చెరువుదో వెతికితే నలుగురు రైతుల సరుకు కలిసి ఉంది, ఎవరిదని తేల్చలేకపోయాం. నలుగురికీ డబ్బు ఆగింది. అప్పుడు అన్యాయమనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, తినేవాడు అడగడంలో తప్పు లేదు, ముగ్గురు అమాయకులను శిక్షించిన మా లెక్కపుస్తకాల పద్ధతిదే తప్పు. ఆ తర్వాతే చెరువుల వారీగా లెక్క, పట్టుబడికి, అంటే చెరువులో రొయ్య పట్టడానికి, ముందు పరీక్ష మా దగ్గర గట్టిపడ్డాయి.

ఇక మీ పరీక్షకు పనికొచ్చే మాట: తులనాత్మక ప్రయోజనం జాతకం కాదు, మారుతుంది. చీమకుర్తి నల్లరాయి ఒకప్పుడు దిమ్మెలుగా ఓడెక్కడమే ఎక్కువ, ఇవాళా చైనాకు దిమ్మెలు పోతున్నాయి. కానీ కోసి, మెరుగు పెట్టే యూనిట్లు ఒంగోలు చుట్టూ వచ్చాయి, ఆ పని తెలిసిన మనుషులు తయారయ్యారు. ఉన్న ప్రయోజనాన్నే పట్టుకుని కూర్చోమని రికార్డో లెక్కలో ఎక్కడా లేదు. అయితే కొత్తది నేర్చుకునేదాకా రక్షణ పేరుతో సుంకాలు పెట్టినవాళ్లు, నేర్చుకున్నాక వాటిని తీసేసిన సందర్భాలు తక్కువ. కాబట్టి ఆ వాదనను నేను కొంచెం అనుమానంగానే చూస్తాను.

మీ నాన్నగారి చెరువు గురించి సలహా కూడా అడిగారు. చెరువు సొంతమా లీజా, నీటిలో ఉప్పు ఎంత ఉంటుంది, పోయిన పట్టుబడి ఏ కౌంట్‌కు తీశారు, ఈ మూడూ రాయండి. ఉప్పు తక్కువైతే ఒక మాట చెబుతాను, ఎక్కువైతే వేరే మాట. లీజు అయితే మాత్రం వచ్చే విడత రొయ్యపిల్ల వదలకముందే కౌలు తగ్గించమని భూమి యజమానిని అడగమనండి. సుంకం భారం వెనక్కి జరుగుతూ వచ్చి మీ నాన్నగారి దగ్గరే ఆగాలని ఎక్కడా రాసిలేదు. ఇంకొక్క మెట్టు దాన్ని జరపవచ్చు.